సగం గీసిన గడ్డం

శుక్రారం రాత్రి తొమ్మిదింటికి
మక్తల్ బస్టాండు ఎదురు సందుల
నా షాపుల ఎవని గడ్డమూ పూర్తి గాదు.

ఎడమ దవడ నున్నగ, కుడి దవడ నురగల.
కుర్చీల కూసున్నోడు మెడ తిప్పి టీవీ దిక్కు సూస్తడు,
కత్తి గాల్లె ఆపి నేను గూడ సూస్త.

కొత్త షో.
పేరు మోసిన ముసలి పహిల్వాన్లు పది మంది,
మీసం మొలవని పోరగాండ్లు పది మంది.
చీటీలు తీసి జోడీలు కట్టిన్రు,
ముదురెద్దు పక్కకు కోడెను కాడికి కట్టినట్టు.

మొదటి వారమే మా సందు రెండు పార్టీలయింది.

లారీ బుగ్గప్పది ముసలోళ్ల పార్టీ.
"బండ భైరవుడు పక్కన లేకుంటె
ఆ పోరన్ని ఎవడు గుర్తువడ్తడు?
పెద్దోడంటె నీడ రా."

కోళ్ల షాపు నజీరు బెంచీ మీదికెళ్లి లేసిండు.
"నీడల మిరప మొక్క కాస్తదా, బుగ్గప్పా?
పోయిన వారం ఎత్తి పడేసింది పోరడు,
ఆఖర్ల వచ్చి మీద పండింది ముసలోడు,
గెలుపెవరి పేరున రాసిన్రు?"

"మీద పండుడు గూడ విద్యనే."

"రోజూ పండుకుంటనే నేను, ఇయ్యమను నాకొక బెల్టు!"

కరెంటాఫీసు తిమ్మప్ప నవ్వడు.
పాత బిల్లుల వెనక రాసుకుంటడు
ఎవడు ఎన్నిసార్లు పడ్డడో, ఎవడు లేపిండో.
"అంత ముందుగాల అనుకున్న ఆటనే" అంటడు,
అనుకుంటనే గీత కొట్టి కూడుకుంటడు.

ఇడ్లీబండి మాసమ్మ గిన్నె తోముకుంట
గడపల నిలవడి ఒక్కటే మాటన్నది:
"లేపెటోని పని అల్కన.
పడెటోడు సక్కగ పడకుంటె
ఇద్దరి నడుములూ ఇరుగుతయ్."
ఎవ్వరూ జవాబియ్యలే.
సబ్బు ప్రకటన వచ్చింది.

మూలకు దస్తగీరు పహిల్వాన్.
నోరు తెరువడు.
ఆయన చెవులు నాకెరుక.
మట్టిల నలిగి నలిగి ముద్దలైన చెవులు,
ముప్పై ఏండ్ల సంది నా వేళ్ల కింద
ఎండు అంజీర పండ్ల లెక్క.
జాతర కుస్తీలల్ల ఆఖరి జోడీ ఆయనది, వెండి కడెం ఆయనది.
మొదటి జోడీ నాది, కొబ్బరికాయ కుస్తీ.
పదకొండేండ్లు నాకు.
కాయ గెలిచినోడు తీస్కపోయిండు,
ఎవరో జాలిపడి
నా చేతుల ఒక చిప్ప పెట్టిన్రు.

"నువ్వు జెప్పు ఉస్తాద్, ఎవరు గొప్ప?"

ఉస్తాద్ టీవీ సూడలే.
తువ్వాలలు మడతవెడుతున్న మా చెల్లె కొడుకు
శివలింగును సూసిండు.
ఆర్నెల్ల సంది పోరడు
బుగ్గకు సబ్బు రాసి, పగులకుంట గీకుతున్నడు.
మనిషి మెడ మీద కత్తి పెట్టలే, నేను పెట్టనియ్యలే.
అడిగినోళ్లకు "చెయ్యి కుదరలే" అంటిని.

కుదిరి మూన్నెల్లయింది.
కుర్చీ నాదనిపించింది, అంతే.

సగం గడ్డం బుగ్గప్పను లేపి
ముసలాయన కూసున్నడు.
గదుమ పైకెత్తిండు.
"వాన్ని గియ్యమను."

టీవీల గంట కొట్టిన్రు.
ఎవడు గెలిచిండో మా సందుల ఎవ్వనికీ తెల్వదు.
కత్తి దిగుతుంటె సప్పుడు వినవడ్డది,
ఎండుగడ్డిల గాలి పోయినంత సప్పుడు.

చెవి కింద ఎర్రగ ఒక చుక్క.
పోరని చెయ్యి కట్టెవారింది.
నా చెయ్యి ముందుకు పోయింది.
ముసలాయన దాన్ని పట్టుకున్నడు,
డెబ్బై ఏండ్ల పట్టు.
విడిపించుకోలేకపోయిన.

"కొబ్బరికాయ కుస్తీల
గీ మాత్రం నెత్తురు రాకుంటె ఎట్ల?
గియ్యి బిడ్డా."

నేను పటిక పట్టుకొని పక్కన నిలవడ్డ.
అలవాటు లేని పని.
కాళ్లు యాడ పెట్టుకోవాల్నో తెల్వలే.

తిమ్మప్ప కాయితం మీద ఆ వారం గీతల్లేవు.
లోడు యాళ్లయిందని బుగ్గప్ప
సగం గడ్డంతోనే లారెక్కి రాయచూరు పోయిండు.
ఆడ ఎవడన్న అడిగితె
ఏం జెప్పిండో.