ఎంగిలి

షిమా తీరంలో చిగుసా అవ్వ
డెబ్భై రెండో చలికాలమూ
రాతి మీది పచ్చి నాచు గీరి
అక్కడికక్కడే నోట్లో వేసుకుంటుంది.

దాన్ని అరిగించే విద్య ఆమెది కాదు.
ఏ ముత్తవ్వ కాలంలోనో
నాచు పట్టుకుని లోపలికొచ్చిన సముద్రపు క్రిమి
తన కత్తెరను పేగులోని వాళ్ల చేతికిచ్చి
అక్కడే అరిగిపోయింది.

ఒకడు కత్తిరిస్తాడు. ముక్క జారుతుంది.
పక్కవాడు అందుకుంటాడు.
వాడు ఉమ్మిన పులుపు ఇంకొకడికి విందు.
కత్తెర ముట్టకుండా తినిపోయేవాళ్లూ ఉన్నారు,
పంక్తిలోంచి ఎవరూ లేపలేదు ఇంకా.
దీన్ని స్నేహం అనడానికి నోరు రాదు.
ఆకలి పక్కన ఆకలి
లక్షల ఏళ్లు కూర్చుంది.
చివరి ఎంగిలి పేగుగోడకి.

అవ్వ కొరికిన నాచు
సగం నావైపు చాపింది.
మా ఇంట్లో ఎంగిలి ముట్టం.
నా కడుపులో ఆ కత్తెరా లేదు.

తిన్నాను.