ఈ లైను తీయకండి

శనివారం రాత్రి పదకొండు నలభైకి
అప్‌గ్రేడ్ మీట నొక్కాను.
డాబాగార్డెన్స్‌లో మూడో అంతస్తు,
కింద ఇస్త్రీ బండి మీద బొగ్గులు ఆరుతున్న వేళ.
ఆకుపచ్చ గీత చివరిదాకా పాకి
అంతా సవ్యం అంది.
నమ్మేశాను.

పేజీ తెరిస్తే కూలిన పందిరి.
మెనూ జారి అడుగున పడుంది.
మా నర్సింగు కోచింగు లోగో
వానలో నానిన గోడ పోస్టరులా ఉబ్బి
మొదటి పాఠం మొహాన్ని కప్పేసింది.
గుండె బొమ్మలో నాలుగు గదులుండాలి,
ఎడమ జఠరిక గడి దాటి
ఫీజు వివరాల పక్కన కొట్టుకుంటోంది.
పాఠాలన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం పోలేదు.
వాటి దగ్గరికి వెళ్లే దారి పోయింది.

థీమ్ పాతది.
ఏడేళ్ల కిందట గేదెల ఇందుమతి కుట్టింది.
కుట్టిందనే అంటాను, రాసిందని కాదు.
ఎవరిదో కొన్న థీమ్‌కి మాసికలు వేసి,
పగిలిన అద్దాల ఫోన్లకి కొలత సరిచేసి,
అంచుకి నీలం వేసింది,
యారాడ కొండ మీంచి పదకొండు గంటలప్పుడు కనిపించే నీలం.
అమ్మినవాళ్లు దుకాణం ఎప్పుడో ఎత్తేశారు.
తల్లి థీమ్ పోయిందని తెలియక
పిల్ల థీమ్ ఆ కొంగే పట్టుకు నిలబడింది,
కొత్త వెర్షన్ వచ్చి
ఎవరి తాలూకమ్మా నువ్వు అని అడిగేదాకా.

ఈ ఊళ్లో దేని ఆయుష్షైనా ఉప్పే చెబుతుంది.
కిటికీ ఊచలకి, సైకిలు గొలుసుకి,
మేడ మీది నీళ్ల ట్యాంకు నిచ్చెనకి.
ఆఫీసులో మూడు ఫ్యాన్లు మార్చాను,
ఆ థీమ్ జోలికి మాత్రం పోలేదు.
దానికి గాలి తగలదు కదా అనుకున్నాను.

పన్నెండున్నరకి ఫోను.
మైలపల్లి నూకరత్నం, జాలారిపేట.
"సార్, రేపు తొమ్మిదికి టెస్టు కదా,
బొత్తాం కనబడ్లేదు. నా ఫోనేటైనా పోయిందా?"
నీ ఫోను బాగానే ఉందమ్మా.
"మరేటి సార్ అలగుంది?
హుద్‌హుద్ మర్నాడు మా వీధిలాగ.
అప్పుడూ అంతే. ఇల్లుంది,
గుమ్మం ఎటో తెలీలేదు."
వెనకాల ఎవరో దగ్గుతున్నారు.
పడుకోమన్నాను. పడుకోలేదని నాకు తెలుసు.

ఫైలు తెరిచి లైను లైనూ దిగుతున్నాను.
నాలుగు వందల పన్నెండు దగ్గర
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట:
"ఈ లైను తీయకండి. ఎందుకో నాకూ తెలీదు.
తీస్తే పరీక్ష బొత్తాం మునిగిపోతుంది. ఇందు."

చాలాసేపు చూశాను.
హార్బర్‌లో ఏదో ఓడ ఒకసారి కూసి ఊరుకుంది.
తీశాను.
బొత్తాం తేలింది.
ఏడేళ్లు దాన్ని మోసిన లైనే
ఈ రాత్రి దాని మీద కూర్చుంది.
కానీ బొత్తాం తేలగానే పట్టికలు మునిగాయి,
పట్టికలు లేపితే బొమ్మలు.
రెండున్నరకి చేతులెత్తేసి
సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా వచ్చే మామూలు థీమ్ తొడిగాను.
ఆసుపత్రి దుప్పటిలా తెల్లగా పరుచుకుంది.
అన్నీ ఎక్కడివక్కడ.
ఎవరివీ కానట్టు.

తొమ్మిదికి అరవైనాలుగు మందిలో
అరవైమూడు మంది రాశారు.
మిగిలిన ఒకమ్మాయి నిద్ర లేవలేదట, ఆ పాపం నాది కాదు.
నూకరత్నం మెసేజీ:
"అయింది సార్. ఆ నీలం మళ్లీ వస్తాదా?"
జవాబు టైపు చేసి చెరిపేశాను.

సాయంత్రం మర్రిపాలెం వెళ్లాను.
ఇందుమతి ఇప్పుడు పచ్చళ్లు పెడుతోంది.
మోచేతిదాకా కారం, తలకి తువ్వాలు.
చెబితే ముందు నవ్వింది,
తర్వాత సీసా కింద పెట్టి అడిగింది:
"ఆ లైను తీసేశావా? ఏమైంది?"
తేలింది అన్నాను.
"అబ్బ," అంది, ఎవరికో జ్వరం తగ్గిందని విన్నట్టు.

డబ్బులొద్దని మాగాయ సీసా ఇచ్చింది.
మూత కింద చీటీ, తన చేతిరాతే:
చేసిన తేదీ, ఎన్నాళ్లలోపు తినాలో.
బస్సులో ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను.
ఎన్నేడీ దగ్గర దిగేసరికి
నూనె ఊరి
ఆ రెండో తేదీ చెరిగిపోయింది.