చింపు, కత్తిరించకు

"చింపు, కత్తిరించకు," అంటుంది అమ్మ.
"కత్తెర పడ్డ అంచు
ఎన్ని పూతలేసినా గీతలా పైకి తేలుతుంది.
చిరిగిన అంచుకి నూగుంటుంది.
ఆ నూగే పక్క ముక్కని పట్టుకుంటుంది."

జక్మెల్‌లో, సముద్రం వైపు దిగే మెట్ల వీధిలో
మా గుమ్మం పక్కన ఎప్పుడూ ఒక గంపెడు చింపిన కాగితం.
కొన్నది కాదు.
నాన్న తాపీ పనికి పోయిన చోటల్లా
సిమెంటు ఎవరి గోడల్లోకో పోయేది,
సంచి మా ఇంటికొచ్చేది.

దానికి మూడు పొరలు.
పైదాని మీద కంపెనీ వాడి తాబేలు,
లోపలిదాని నిండా బూడిద.
నడిమిది మాత్రం శుభ్రంగా, బిస్కట్ రంగులో.
వీధిలో నిలబడి అమ్మ సంచులు దులిపితే
ఆరేసిన మదాం క్లెర్మీజ్ దుప్పట్లు
ఒక్క పూటలో ముసలివైపోయేవి.
ఆ తిట్లు వింటూనే నేను చింపడం నేర్చుకున్నాను.

కర్రపెండలం పిండి గంజి కాచి
అందులో పుల్లనారింజ పిండాలి, బొద్దింకలు ముట్టకుండా.
కాలిపోయిన బల్బు రామచిలుక పొట్ట,
పళ్లూడిన దువ్వెన దాని ఈకల గీత,
నాన్న చొక్కా గుండీలు కళ్లు.
(ఆ చొక్కా ఏడాది పాటు
పిన్నీసులతో చర్చికెళ్లింది.)
పాలపొడి డబ్బా మీద కాగితం ఎక్కితే పూలకుండీ.
"నీళ్లు పోయొచ్చా?" అనడిగేవాళ్లు కొనేవాళ్లు.
"పోయండి, లోపల డబ్బా ఉంది," అనేది అమ్మ,
పెద్ద రహస్యం చెప్పినట్టు గొంతు తగ్గించి.

ఒకసారి ఆరబెట్టిన చిలుక తోకని
గంజి వాసనకొచ్చిన మేక కొరుక్కుతింది.
హోటలాయన తిప్పి తిప్పి చూసి
తోకేమిటి ఇంత పొట్టిగా ఉందన్నాడు.
"ఈ జాతికి అంతేనండి."
వాడు ఇంకో ఆరు అదే జాతివి కావాలన్నాడు.
ఆరు తోకలూ అమ్మ కత్తెరతోనే కోసింది,
నా వైపు చూడకుండా.

అక్టోబరులో ఒక రాత్రి.
అద్దాల చట్రాలు నలభై, రంగులు కూడా అయిపోయి
వరసగా గోడకి ఆన్చి ఉన్నాయి.
ఊరందరి ఇళ్లకీ కప్పులేసిన మనిషి కప్పు కింద
వాన ఇంట్లోకే కురిసింది.
తెల్లారేసరికి చట్రాలన్నీ
చారులో నానిన అప్పడాలు.
నాన్న గుమ్మంలో కూలబడి
కప్పు వంకే చూస్తూ ఉండిపోయాడు,
అది తనని తిట్టినట్టు.

అమ్మ ఒక్క మాటా అనలేదు.
బట్టలుతికే తొట్టిలో అన్నీ వేసి తొక్కింది.
ఎరుపూ పసుపూ ఆకుపచ్చా కలిసి
చివరికి వంకాయ తొక్క రంగొకటి మిగిలింది.
పిండి, గంజి కలిపి, తొట్టినే బోర్లించి
దాని వీపు మీద అద్దింది.
నాలుగు రోజుల ఎండ.
ఊడదీస్తే ఒక పెద్ద గిన్నె,
కాస్త వంకర, బొటనవేలి గుంటలతో.

దాన్ని ఎవరూ కొనలేదు.
ఎవరికీ చూపించనూ లేదు.
ఇప్పుడది కిటికీ దగ్గర.
అందులో తాళంచెవులు, మాత్రల అట్ట,
మిగిలిన రెండు గుండీలు,
మోకాళ్లు పోయాక నాన్న దాచుకున్న తూకం గుండు.
ఆ బరువుకి అడుగు కొంచెం లోపలికి కుంగింది.

నిన్న దుమ్ము తుడుద్దామని అన్నీ తీశాను.
అడుగు పలచబడిన చోట
అమ్మ ఒక పై పొర ముక్క అంటించింది.
తాబేలు సగం, దాని కింద నాలుగు ఫ్రెంచి మాటలు:
తడి తగలని చోట ఉంచండి.

అమ్మకి చదవడం రాదనే అందరూ అంటారు.
అడుగుదామని వెనక్కి తిరిగితే
గంజి మాడుతోందని వంటింట్లోంచి కేక.
గుండు మళ్లీ దాని గుంటలోనే పెట్టి వెళ్లాను.