అర మార్కు

ఓహాయో ఎండ రేకుల మీద పడి కళ్ళలో గుచ్చుతోంది.
సంత మైదానంలో, గడ్డి మీద,
బానెట్లు తెరుచుకుని
పెళ్ళి బంతిలో కూర్చున్నట్టు కార్లు.
నా చేతిలో అట్ట, అట్టకి దారంతో కట్టిన పెన్సిలు.
పదిహేడేళ్ళుగా నా పని తప్పులు పట్టడం.

అరవై ఏడు మోడల్, నాచు రంగు. రోలండ్ విటెక్‌ది.
తొమ్మిదేళ్ళు కూర్చుని నట్టు నట్టూ విప్పి మళ్ళీ బిగించాడట.
రేడియేటర్ గొట్టం పట్టీ సరే.
హారన్ తీగ రంగు సరే.
కుడి తలుపు మడతబందు దగ్గర ఆగాను.
నాలుగు బోల్టులు. మూడు నలుపు.
ఒకటి తెల్లగా, జింకు పూతతో,
చావింట్లో నవ్విన పిల్లాడిలా.

"ఇది ఫ్యాక్టరీది కాదు" అన్నాను.
"విప్పినప్పుడు అలాగే ఉంది సార్. మీద పాత రంగు పెచ్చు కూడా లేవలేదు."
అందరూ అదే అంటారు.
పుస్తకంలో నాలుగూ నలుపే.
అర మార్కు కోశాను.

పక్కన మడత కుర్చీలోంచి ఒకావిడ లేచింది.
ఒడెస్సా ప్రూయిట్. ఎనభై మూడేళ్ళు. చేతికర్ర.
తలుపు అంచున రేకు మీది అంకెలు వేలితో తడిమి
"జనవరి. మంచు వారం" అంది.

బోల్టుల లారీ దారిలో కూరుకుపోయిందట.
లైను ఆగితే ఫోర్‌మన్ కొలువు ఊడుతుంది,
అందుకని గస్ హాలొరన్ ట్రక్కుల షెడ్డుకి పరిగెత్తి
కాఫీ డబ్బా నిండా దొరికినవన్నీ పోసుకొచ్చాడట.
"నిమిషానికో బండి నాయనా.
రంగులు ఏరుకుంటూ నిలబడితే
వెనక బండి వచ్చి మోకాలికి తగిలేది."

నేను పుస్తకం తిరగేశాను.
పుస్తకంలో మంచు పడలేదు.

ఆవిడ ఇంజను వెనక గోడ మీదికి వంగింది.
అక్కడ తనిఖీ గుర్తు, పసుపు క్రేయాన్‌తో:
సున్నా, దాని మీదుగా ఒక గీత.
పాత ఫొటో చూసి, అట్ట అచ్చు కోసి,
రోలండ్ ఊపిరి బిగబట్టి దిద్దింది.
దానికి నేను పూర్తి మార్కులిచ్చి ఉన్నాను.

ఒడెస్సా పళ్ళసెట్టు కదిలేలా నవ్వింది.
"సున్నా కాదది, నా పేరులో మొదటి అక్షరం.
ఇంత గుండ్రంగా నేనెప్పుడు రాశాను?
రాత్రి షిఫ్టు, చేతికి గ్లవ్స్, ఇంటి దగ్గర చంటిదానికి జ్వరం.
నావన్నీ నలిగిన కోడిగుడ్లు."

రోలండ్ ఏమీ అనలేదు.
గుడ్డకి కాస్త టర్పెంటైన్ అద్ది
ఆ చక్కటి సున్నాని, నా కళ్ళముందే,
తుడిచేశాడు.
డబ్బాలోంచి పసుపు ముక్క తీసి ఆవిడకిచ్చాడు.

కర్ర నా చేతిలో పెట్టింది.
ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసింది.
అక్షరం మూసుకోలేదు.
గీత పక్కకి జారి వైర్ల దాకా పోయింది.

ఇప్పుడు చెప్పండి.
అదే చెయ్యి. అదే గోడ.
మధ్యలో అరవై ఏళ్ళకి కాస్త తక్కువ, కీళ్ళవాతం.
అసలుదా ఇది? తర్వాత చేర్చిందా?
నా అట్ట మీద రెండే గడులు,
పెన్సిలు దారానికి ఊగుతోంది.

ఆవిడ కర్ర తీసుకుని,
క్రేయాన్ తిరిగివ్వడం మరిచి జేబులో వేసుకుని,
షిఫ్టు దిగినట్టు వెళ్ళిపోయింది.

బోల్టు దగ్గర కోసిన అర మార్కు చెరిపేశాను.
కాగితం అక్కడ కొంచెం నలిగింది.