గైరాజరు

పేరు పిలిస్తే పలకాలె.
గుట్ట కింద కందకాల పనికి నేను మేటును,
పది పాసైన దాన్ని,
మస్టర్ పుస్తకం నా సంకల ఉంటది.

"ఈదమ్మా" అని పిలిచిన, పొద్దున ఆరింటికి.
నాకు నాలుగు బారల దూరంల నిలబడ్డది,
పార భుజాన పెట్టుకొని
గుట్ట మీదికెల్లి దిగే మేకల్ని చూస్తున్నది.
పలకలే.
తిర్పతయ్య సారు నా ఎనకకెల్లి అన్నడు:
"పలకనోళ్లకు గైరాజరెయ్యి. రూలు రూలే."
అందరు నవ్విన్రు. నేనూ నవ్విన.
ఏసిన.

ఒక్క పొద్దు కాదు, పదకొండు పొద్దులు.
ఆ కూలి ఎవరి పేరు మీద లేచిందో నాకెరుకే.
సారు బామ్మర్ది దేవరకొండల ఆటో నడుపుతడు,
మా కందకంల ఒక్క తట్ట మోయలే.

మా ఊళ్లె ఆమెను ఈదమ్మ అని ఎవరనరు.
చెవిటిది అంటరు.
పిలిచే పనే లేనప్పుడు పేరెందుకంటరు.
పెండ్లికి పోయేటోళ్లు ఆమె ఎదురైతే
చెప్పులిడిసి కాసేపు కూసొని లేస్తరు.
చిన్నప్పుడు మేం ఆమె ఎనక నడుసుకుంట
బెడ్డలు ఇసిరేటోళ్లం, ఇనపడుతదా లేదా అని.
ఒకసారి నాది చెవుగూబ కాడ తాకింది.
ఎవరిసిరిన్రని అడగలే.
అడగరాదు గద.

ఆమె మాత్రం మా అందరికి పేర్లు పెట్టుకున్నది.
సారు అంటే, పొట్ట మీద చెయ్యి గుండ్రంగ తిప్పుడు.
సాయమ్మ అంటే ముక్కుపుల్ల జాగల ఏలు.
సచ్చిపోయిన వాళ్లమ్మ అంటే
రెండు చేతులు జోడిచ్చి చెంప కింద.
నేనంటే, ఎడమ అరచేతిల
కుడి ఏలుతోని ఒక గీత.
రాసేటిది.
ఆ పేరు నాకు ఇష్టముండె. ఎవరికి చెప్పలే.

నల్లగొండకెల్లి తనిఖీకొచ్చిన పిల్ల
బడి వరండాల కూసొని లెక్కలు చదివింది.
"ఈదమ్మ. పదకొండు దినాలు గైర్హాజరు."
ఆమెకు ఇనపడలే గని
ఇంతమంది మొగాలు ఒక్కపారి తనదిక్కు తిరిగితే
ఆమెకు సమజైతది.
లేచింది. ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నది.
పగటీలి ఎండల గుట్ట దాక గుంజుకపోయింది,
ఎనక ఊరంత.

ఆమె తవ్విన కందకంల
కొలతకని నడుమ ఇడిసిన మట్టి దిమ్మెలు,
నెత్తి మీద పాత గడ్డి అట్లనే ఉన్నది.
రోజుకొకటి ఇడిసింది. పదకొండు.
ఒక దిమ్మెను ముట్టింది, తన రొమ్ము మీద చెయ్యేసుకున్నది.
ఇంకొకటి ముట్టింది, రొమ్ము మీద చెయ్యి.
అట్ల ఆఖరిదాక, ఒక్కటి ఇడవకుండ.
మధ్యల గొంతులకెల్లి ఏదో సప్పుడు చేసింది,
పోరగాండ్లు ఎక్కిరించిన్రు.

"దానికి మతి గూడ సక్కగ లేదు మేడం" అన్నడు సారు.
ఆ పిల్ల నాదిక్కు తిరిగింది:
"మేటువు నువ్వే కదా. ఆ పదకొండు రోజులు ఈమె వచ్చిందా?"

నాకు ఇనపడ్డది.
మంచిగ ఇనపడ్డది.
సారు చెప్పుల కింద గులకరాళ్ల సప్పుడు గూడ ఇనపడ్డది.
పలకలే.

నిన్న బోరింగు కాడ
సాయమ్మకేదో చెప్తున్నది చేతులతోని.
ఎడమ అరచేతిల గీత గీసింది.
నా పేరే.
గీసి, కుడిచేతి అంచుతోని
దాన్ని తుడిచేసింది.
సాయమ్మ నాదిక్కు చూసి మల్ల బిందెలకు చూసుకున్నది.

ఇయ్యాల ఆరింటికి మస్టర్ తెరిచిన.
పిలువలే.
ఆమె ముంగటికే పోయి నిలబడి
పేరు మీద ఏలు పెట్టి, హాజరేసి,
పుస్తకం తిప్పి చూపిచ్చిన.

నా భుజం మీదికెల్లి
గుట్ట దిగే మేకల్ని చూస్తున్నది.