ఎడమ చేతి వైపు

రేణిగుంట రోడ్డు పాత ఇనుము కొట్లో
నాలుగు ఫ్రిజ్జుల వెనక నిలబడి ఉండింది.
తెర లేదు. వెనక తలుపు లేదు. వైర్లు ఎలకలు తినేసినాయి.
కాటా వేసి బరువు లెక్కన ఇచ్చినారు.

బస్టాండు వెనక సందులో దీని తోబుట్టువులు ఆరు ఉండేవి,
తొంభై నాలుగులో, రూపాయికి మూడు ప్రాణాలు.
మా చెంగల్రాయుడు లోపల. నేను గడప బయట,
వాడి పుస్తకాల సంచి నా భుజాన.
ఆడపిల్లలు రాకూడదని బోర్డేం లేదు,
బోర్డు అక్కర్లేనివి కొన్ని ఉంటాయి.
నేను చూసిన ఆటంతా వీపులే.
కొండ దిగి బస్సుకు కాచుకున్న పిల్లకాయల
చందనం పూసిన గుండ్ల మీద
పచ్చగా, ఎర్రగా పేలే వెలుగే.

అందుకే ఇప్పుడు, కొర్లగుంటలో, మిద్దె మీది గదిలో
అట్టముక్క మీద పెన్సిలుతో గీస్తుంటే
నా చేతులకు పాత అలవాటు ఒక్కటీ అడ్డం రాదు.

గుండీలు ఇంకా రాలేదు.
ఆరు రూపాయి బిళ్ళలు పరిచి వేళ్ళు ఆనించి చూస్తాను.
వరసగా పెడితే చిటికెనవేలు అలుగుతుంది,
నడిమి వేలు పెత్తనానికి ముందుకు పోతుంది.
బిళ్ళల్ని వంచుతాను, రొంత, ఇంకా రొంత,
నిద్రలో పడినట్టు చెయ్యి తనంతట పడేదాకా.
మణికట్టుకు బెత్తెడు చోటు.
రెండో మనిషి మోచెయ్యి నాకు తగలకుండా జానెడు.
లేదు, తగలనీ. రెండంగుళాలు చెరిపేస్తాను.

మాధవమాల నుంచి వచ్చిన మునిరత్నమాచారి
అట్టను తిప్పి తిప్పి చూసినాడు.
దేవుళ్ళను తాళాల లెక్కన చెక్కే మనిషి,
మొహం ఒక తాళం, ఒళ్ళు తొమ్మిది.
"ఈ కడ్డీ పట్టేది ఏ చెయ్యిమా?"
"ఎడమది."
"తప్పుమా. ఎడం చేత్తో మొదలుపెట్టేదా యాడన్నా?
ఇట్ల తిప్పేద్దాం, కుడికి."

అవ్వ గుర్తొచ్చింది.
తీర్థానికి చాచిన నా ఎడమ చేతి మీద
విసనకర్ర కాడ.
బలపం చెయ్యి మారిన ఏడు, అక్షరాలన్నీ
వానలో తడిసిన కోళ్ళ మాదిరి ముడుచుకున్న ఏడు.
కలిపే పని, రాసే పని, ఇచ్చిపుచ్చుకునే పని
అన్నీ కుడిదానికే పోయినాయి.
ఈ డొక్కు పెట్టె ఒక్కటే
మనిషిని నడిపించే పని దానికి ఇచ్చింది.
ఆ సంగతి తెలియకుండానే
అన్ని సాయంత్రాలు సంచి మోసినాను.

"అట్లే ఉండనీ ఆచారీ."

ఆయన మారు మాట్లాడలేదు.
ప్లైవుడ్డు మీద ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జాలు
ఒకటొకటే దించినాడు. పొట్టు వెచ్చగా రాలింది.
లెక్క తప్పి ఏడోది ఒకటి పడింది.
నాలిక కరుచుకున్నాడు.
తరవాత ఉలి తీసి అంచు గుండ్రం చేస్తా చేస్తా
ఆగి, తన చేతుల్ని తానే చూసుకున్నాడు,
ఎవరివో అన్నట్టు.
"ఉలిని తిప్పేది ఎడమదే గదమ్మా" అన్నాడు మెల్లగా.
"కుడిది ఉత్త కొట్టేదానికి."

రాత్రి ఒక్క నల్ల తీగను
గుండీ నుంచి గుండీకి, పేరంటం పిలిచినట్టు
ఏ గడపా విడవకుండా తిప్పినాను.
తెర చెన్నై నుంచి రావాల.
చీకట్లో కూర్చుని కడ్డీ కదిలిస్తే
టిక్. టిక్.
ఎటు పోతున్నానో కనిపించదు,
పోతున్నట్టు మాత్రం తెలుస్తుంది.

ఎక్కువ పడిన బెజ్జానికి మూత వెయ్యలేదు.
వేలు పెడితే లోపల చల్లగా ఉంది.

చెంగల్రాయుడు ఆదివారం వస్తాడంట, ఆడతాడంట.
సంచి ఏదన్నా ఉంటే
తనే మోసుకోమని చెప్పాల.