పాలకుండ మీద మూత

రెండు నెలల అద్దె ఎగ్గొట్టి
పోతూ పోతూ తెయోదుల్ దొర
చెక్కపలక ఒకటి వదిలిపోయాడు.
"ఫిలొమెన్, ఇది నువ్వే" అన్నాడు.
నేనేనట.
వంగిన నడుం, ఎగదోపిన పావడా,
మొహం ఉండాల్సిన చోట
అరవేలెడు ఊదారంగు నీడ.

నిలబడితే రోజుకి పది సూలు ఇచ్చేవాడు,
అబద్ధమెందుకు.
కదలొద్దనేవాడు.
టర్నిప్ తవ్వేదాన్ని కదలొద్దంటే?
వంగడం కాదు దొరా పని,
వంగి లేవడం.
లేచేటప్పుడు గొంతులోంచి జారే ఆ మూలుగు
నీ తగరపు గొట్టాల్లో
ఏ రంగు పేరుతో ఉంది?

మోర్వాన్ కొండల్లో నవంబరు బురద
కొయ్యజోళ్ళని నమిలి నమిలి ఉమ్ముతుంది.
ఆయన పలక మీద
అది తేనె.

ఆకాశం చాల్లేదని కంచె తీసేశాడు.
ఆ కంచె కోసమే మా మామా, పక్క చేను గోద్‌ఫ్రువా
పదకొండేళ్ళు కోర్టు మెట్లు అరగదీశారు.
ఈయనకి కుంచెతో ఒక్క తుడుపు!
జడ్జీ కంటే నయం.
ఇద్దరూ వచ్చి చూసి
మొదటిసారి ఒక్క మాట మీద నిలబడి తిట్టారు.

ఆ వారమే
మా చెల్లెలు ఒదిల్ పారిస్ బండెక్కింది,
ఏ కలవారి బిడ్డకో చనుబాలివ్వడానికి.
తన బిడ్డని గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది.
నా దగ్గర పాలెక్కడివి?
మేకపాలలో నీళ్ళు కలిపి, గుడ్డపేలిక ముంచి...
చేనుగట్టున బుట్టలో పడుకోబెడితే
పొద్దుగూకేదాకా ఏడ్చేది.
ఆయన పట్టించుకున్నట్టే లేడు, గీస్తూనే ఉన్నాడు.

పలక మీద బుట్ట ఉంది.
అల్లిక, చిరిగిన అంచు, అంతా అచ్చంగా ఉంది.
దాన్నిండా దుంపలు.

పొయ్యిలో పెడదామనుకున్నా.
చూస్తే పాలకుండ మూతికి
కొలత తీసినట్టు సరిపోయింది.
నాలుగేళ్ళుగా అక్కడే, బొమ్మ పైకి.
నా వీపు మీద గరిటె పెడతాను.
సాయంత్రం ఎండ మీద మసి వేళ్ళ ముద్రలు.

నిన్న పిల్ల
కుండ అంచు పట్టుకుని ముని వేళ్ళ మీద లేచి
ఆ బుట్ట మీద వేలు పెట్టింది.
"ఇందులో ఏముంది పెద్దమ్మా?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.
"దుంపలే" అని
లేచాను.
లేస్తుంటే వచ్చింది
ఆ మూలుగు.